బాణలి దించేదాకా

గుమ్మంలో ఎవరో దగ్గారు.

వంటింట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

కొత్త సంవత్సరానికి యౌగొక్ వేయించే రోజది. వేరుశనగపొడి, చక్కెర కూరిన కజ్జికాయలు. బాణలి పొయ్యి మీద ఉన్నంతసేపూ పరాయివాళ్ళు గడప తొక్కకూడదు, ఎవరూ నోరు జారకూడదు. ఒక్కటి పగిలినా ఏడాది పగిలినట్టే.

కోడలు వైఫన్‌కి పగిలేది ఏడాది కాదు, మొగుడు.

సరిహద్దు మూసి ఉన్న రోజుల్లో, దొంగచాటుగా ఈది హాంగ్‌కాంగ్ చేరాలని యూకంగ్ అఖాతంలోకి దిగి ఏడేళ్ళయింది. కజ్జికాయ పగలనన్నాళ్ళూ ఆయన బతికే ఉన్నట్టు ఆమె నమ్మకం. ఇన్నేళ్ళలో ఒక్కటీ పగల్లేదు. ఒక్క ఉత్తరమూ రాలేదు.

గుమ్మంలో ఓ ముసలాయన. చేతుల నిండా ఆల్చిప్పలు కోసిన గాట్లు.

"అమ్మా, ఇది లామ్..."

"ఊళ్ళో అందరి ఇంటిపేరూ లామే! మాట్లాడకండి తాతా, బాణలి పొయ్యి మీదుంది," అంది వైఫన్.

"ఒక్క మాట చెప్పి..."

"అరమాట కూడా వద్దు!" అత్తగారు అప్పడాలకర్ర ఎత్తింది. "ఆ దగ్గేదో వీధిలో దగ్గు నాయనా."

"బస్సు వెళ్ళిపోతుందమ్మా. మళ్ళీ రాగలనో లేదో..."

"పండగయ్యాక రండి," అంది వైఫన్, నూనె మీంచి చూపు తిప్పకుండా.

పక్కింట్లో అడుగుదామన్నా అక్కడా బాణలే. ఆయన కాసేపు వీధిలో నిలబడి వెళ్ళిపోయాడు.

కజ్జికాయలన్నీ బంగారు రంగులో తేలాయి.

"చూశారా అత్తయ్యా, ఒక్కటీ పగల్లేదు!"

"నీ మడత గొప్పేం కాదు, నా కర్ర గొప్ప," అంది అత్తగారు. చాన్నాళ్ళకి ఇద్దరూ నవ్వుకున్నారు.

పండగ వెళ్ళిన నెలకి ఒకావిడ వచ్చింది.

"అఖాతం అవతలి ఒడ్డు నుంచి వచ్చానక్కా. సరిహద్దు తెరిచారని మా నాన్న మీ ఇంటికొచ్చారు. బాణలి పొయ్యి మీదుందన్నారట. మళ్ళీ వెళ్తానంటూనే పోయారు."

"అయ్యో! ఏం పనిమీద వచ్చారు?"

ఆవిడ గడప దగ్గరే నిలబడింది, కూర్చోడానికి మనసొప్పనట్టు.

"అలలు మా ఒడ్డుకి తెచ్చి పడేసినవాళ్ళని నాన్న కొండ మీద పాతిపెట్టేవారు. ఇరవై మందికి పైనే. సమాధులన్నిటికీ ఒకేలాంటి రాళ్ళు, పేర్లుండవు. ఒకాయన చొక్కా లోపల మాత్రం లామ్ యూకంగ్ అని, ఈ ఊరి పేరూ కుట్టి ఉందట."

కుట్టింది వైఫనే.



"ఏ రాయి చెల్లీ?"

"అది నాన్నకొక్కరికే తెలుసక్కా."