నోరు పోయిన టీవీ

“ఆవాజ్ ఏదిరా?”

యమునాబాయి ఇంట్లోంచి వేసిన కేకకు రేకుల మీదున్న సిద్ధరాములు యాంటెన్నా వదిలేసి కిందికి తొంగిచూశాడు. టీవీలో బొమ్మకు బదులు చుక్కలు వస్తుంటే, చిటికెలో బాగుచేస్తానని యాంటెన్నా తిప్పడానికి ఎక్కింది తనే. బొమ్మ వచ్చింది. బుస్సుమనే చప్పుడు ఆగింది. దాంతోపాటు మాటా ఆగింది.

కిందికి దిగేసరికి యమునాబాయి బటన్లన్నీ తిప్పి, టీవీ నెత్తిన రెండు దెబ్బలు కూడా వేసింది. లాభం లేదు.

“ఖరాబ్ చేసినవ్ కదరా! రేపటి సంది నువ్వు గాని, నీ పెండ్లాం గాని నా గడప తొక్కిన్రో, చూడు మల్ల!”

నేతగాళ్లుండే జోడ్‌భావి పేటలో ఆ సందు మొత్తానికి అదొక్కటే టీవీ. ఆదివారం సాయంత్రం హిందీ నవ్వుల కార్యక్రమానికి సందంతా ఇక్కడే చేరుతుంది, ఆడవాళ్లు బీడీల చాటలతో సహా. వారానికో విషయం పట్టుకుని దాని మీదే చిన్న చిన్న నాటికలు ఆడతారు. ఈ వారం విషయమేమిటో మొదట్లో చెప్పిన మాట ఆ చుక్కల్లోనే కొట్టుకుపోయింది.

సిద్ధరాములుకు తన గురించి బాధ లేదు. పెళ్లాం గోదావరి గురించే. వారమంతా వంచిన తల ఎత్తకుండా బీడీలు చుట్టే మనిషికి ఈ అరగంటే పండగ. ఆమె ఒళ్లో బీడీల చాట పెట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంది. అది చూడలేక యమునాబాయి వైపు తిరిగాడు.

“అత్తా, ఫికర్ జెయ్యకు. పవర్‌లూమ్ చప్పుట్ల మాకు చెవులెక్కడ పనిజేస్తయ్? పెదవులు జూసే మాట్లాడుకుంటం. వీళ్లు ఏమంటున్నరో నేను జెప్త.”

“నిజంగ?”

“నీ మీద ఒట్టు!”

తెర మీద ఒక లావాటాయన, బక్క పెళ్లాం. ఇద్దరి నోళ్లూ ఆగకుండా ఆడుతున్నాయి. సిద్ధరాములుకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా గొంతు సన్నం చేసి మొదలుపెట్టాడు.

“‘ఇంతసేపు ఏడబోయినవ్?’ ‘మగ్గం మీద దారం తెగిందే!’ ‘దారం తెగితే కల్లు వాసనెట్లొచ్చె?’”

అందరూ గోడకానుకున్న బాలయ్య వైపు తిరిగారు. బాలయ్య పెళ్లాం అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత పోలీసు, దొంగ వచ్చారు. వాళ్ల నోళ్లూ అంతే.

“‘ఏం ఎత్తుకపోయినవ్ రా?’ ‘చద్దరు సార్.’ ‘ఎందుకు?’ ‘చలిజ్వరం సార్.’ ‘నాకు గూడ ఉన్నది, జెర ఇటు గుంజు!’”

చాటల్లో చేతులు ఆగిపోయాయి. యమునాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. గోదావరి పొట్ట పట్టుకుని “చాలు, ఇంక చాలు!” అంటూ పక్కామె మీద పడింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అంతగా నవ్వడం సిద్ధరాములు చూడలేదు. ఆ ఊపులో మంగలికి, డాక్టరుకు, చివరికి పెళ్లి చేస్తున్న పంతులుకు కూడా మాటలు అల్లేశాడు.

ఆట అయిపోయింది. తెర మీదికి ఒక అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. మరుక్షణం టీవీ ఖంగుమంది.

“ఇంతవరకు మీరు చూసింది పాన్ నమిలేవాళ్ల మీద తీసిన ప్రత్యేక హాస్య కార్యక్రమం. నోటి నిండా పాన్ ఉండటంతో ఇందులో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.”

ఆమె హిందీ అక్కడ అర్థం కాని వాళ్లు లేరు. గదిలో అందరూ నోళ్లు తెరుచుకుని సిద్ధరాములునే చూశారు. అతను ఎవరి మొహం చూడలేక, లేచి మెల్లగా చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

తెర మీదికి వార్తలు చదివే ఆయన వచ్చాడు. యమునాబాయి విసురుగా లేచి వెళ్లి బటన్ తిప్పింది. ఆయన గొంతు టక్కున ఆగిపోయింది.

“ఏడబోతవ్ రా? కూసో! వార్తలు గూడ నువ్వే చెప్పు.”