గుమ్మం పైకి పెట్టిన గిజిగాడు

ఈతచెట్టు మీద గిజిగాడి పిల్లలన్నీ ఒకే మట్ట మీద చేరి, గోలగోలగా గూడు అల్లడం నేర్చుకుంటున్నాయి. "ఈ గోలలో నాకు బుర్రకెక్కదు" అని పసుపుతల అనే పిల్ల ఒక్కటే ఎదురుగా ఉన్న తుమ్మకొమ్మకు వెళ్లిపోయింది.

పది రోజుల్లో గూడు పూర్తయింది. ఒక్క ముడీ జారలేదు.

చూద్దామని వచ్చిన వాగుడుకాయ బుల్లిరెక్క నోరెళ్లబెట్టింది. "ముడులు భలే వేశావురా! కానీ గుమ్మం పైకి పెట్టావేంటి? వానొస్తే?"

పసుపుతల పైకి చూసింది. మబ్బు కమ్ముకొస్తోంది. బుల్లిరెక్క ఒక్క కేక వేసింది. గోల చేసే గుంపంతా వచ్చి, పైగుమ్మం మూసి, కిందివైపు కొత్త గుమ్మం అల్లింది.

వాన దంచికొట్టి వెలిసింది. గూట్లో చుక్క పడలేదు.

మర్నాడూ పసుపుతల ఒంటరిగానే కొత్త ముడి నేర్చుకుంది. సాయంత్రం మాత్రం ఆ ముడి వేసిన గడ్డిపోచను ముక్కున కరుచుకుని ఈతచెట్టు మీద వాలింది.

"మీ పుణ్యాన నిన్న తడవలేదర్రా. ఈ ముడి మీకూ నేర్పుతాను. ముందు ఇందులో తప్పేముందో చూసిపెట్టండి."