ఒకే తల్లి, ఒకే తేదీ

"పాస్ అని నొక్కుతావా, కుర్చీ ఖాళీ చేస్తావా?" అంటూ యజమాని అకిన్‌పెలు బల్ల మీద అరచేత్తో చరిచాడు.

తాయివో మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఇబదాన్ నగరంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాళ్ళలో ఆమె ఒకతె. వాళ్ళు పాస్ అంటే తప్ప ఏ ప్రోగ్రామూ గడప దాటదు. ఈ ప్రోగ్రాం ప్రసూతి ఆసుపత్రిలో పుట్టే బిడ్డల వివరాలు ఎక్కించడానికి చేసినది. మర్నాడు ఉదయమే ప్రారంభోత్సవం. గవర్నరు భార్య వస్తోంది. కంపెనీలో అందరికీ ఒకే రంగు బట్టలు కూడా కుట్టించేశారు.

"నొక్కలేను సార్. ఒక తల్లికి ఒకే రోజు ఇద్దరు పుడితే, రెండో బిడ్డ పేరు ఎక్కించగానే మొదటి బిడ్డ పేరు మాయమైపోతోంది. ఎవరి మందు ఎవరికి పోతుందో దేవుడికే తెలియాలి."

"ఎప్పుడో అరుదుగా జరిగేదానికి ఇంత గొడవా?"

"అరుదా? ఇబదాన్‌లోనా? బజారు మధ్య నిలబడి కెహిందే అని ఒక్క కేక వెయ్యండి సార్, సగం మంది వెనక్కి తిరుగుతారు!"

ఆ ఊళ్ళో కవలలు ఎక్కువ. ముందు పుట్టినవాళ్ళందరికీ తాయివో, రెండోవాళ్ళందరికీ కెహిందే అనే పేరు. పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అకిన్‌పెలు ముఖం గంటు పెట్టుకున్నాడు.

"టెస్టింగ్ అంటే చివర్లో గుడ్డ పెట్టి తుడవడం తల్లీ. నువ్వేమో పునాదులు తవ్వుతున్నావు. ఇంతకీ ఇది రాసిందెవరు? నీ అన్నే కదా! కెహిందే, ఇలా రావయ్యా!"

కెహిందే వచ్చి నిలబడ్డాడు. తాయివో పుట్టిన కాసేపటికి పుట్టాడు కాబట్టి ఆమెకు అన్న. అక్కడి లెక్క అదే. లోకం ఎలా ఉందో చూసి రమ్మని కడుపులో ఉన్న పెద్దవాడు చిన్నదాన్ని ముందు పంపుతాడట. అది బయటపడి కేక పెడితేనే తను బయలుదేరతాడట. ఆ మాట చెప్పే చిన్నప్పటి నుంచీ ఆమె చేత మంచినీళ్ళు తెప్పించుకునేవాడు, చొక్కాలు ఇస్త్రీ చేయించుకునేవాడు.

"నీ పనికి నీ చెల్లెలే అడ్డం పడుతోంది. పెద్దవాడివి, గట్టిగా చెప్పు."

కెహిందే నేలచూపులు చూశాడు. "ఇంకోసారి చూడకూడదూ, తాయివో?" అన్నాడు గొణుగుతున్నట్టు.

అన్న అయినా నా పక్కన నిలబడకూడదా దేవుడా అనుకుంది తాయివో. ముందు నడిచేవాళ్ళకి ఏడుపే ఎందుకు రాసిపెడతావు అని కూడా అడగబోయి, తప్పని ఊరుకుంది.

"సరే, చూపిస్తాను" అని కీబోర్డు ముందుకు లాక్కుంది. తల్లి పేరు అడిగిన చోట తమ అమ్మ పేరు పెట్టింది. తమ పుట్టినరోజు కొట్టింది. బిడ్డ తాయివో. మళ్ళీ అదే తల్లి, అదే తేదీ, బిడ్డ కెహిందే. తెర ఒకసారి మెరిసింది. అమ్మ పేరు కింద కెహిందే ఒక్కడే మిగిలాడు.

"చూడండి సార్. నేను లేను."

ఎవరూ నవ్వలేదు.

"ఇంట్లో అన్న ఏం చెప్పినా చేస్తాను. ఇక్కడ చెయ్యను. తీసేస్తే తీసేయండి." చేతుల్లో ముఖం దాచుకుని పెద్దగా ఏడ్చేసింది.

అకిన్‌పెలు తెర వంక చూశాడు. "ఆసుపత్రి దగ్గర రేపటి వంటలకి పొయ్యిలు కూడా వెలిగించారట" అని గొణుక్కున్నాడు. ఫోను తీసి, వారం గడువు కావాలని ఆసుపత్రివాళ్ళను బతిమాలుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కెహిందే ఆమెను ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. వేడివేడి అమాలా ముద్ద, చేపల పులుసు వచ్చాయి. తాయివో చెయ్యి కడుక్కుంది గానీ ముద్ద నోట పెట్టలేదు.

"నేను ఏడ్చేదాకా రాయిలా నిలబడ్డావు కదన్నా! అంత తప్పు, రాసినవాడివి, నీకు కనపడలేదా?"

"పోయిన వారమే కనపడింది."

"మరి?"

"సార్‌కి చెప్పాను. నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నాను. దీని టెస్టింగ్ నీకే ఇమ్మని అడిగింది నేనే, నువ్వైతే వదలవని. చెల్లెలు అన్నకి ఎదురు చెప్పదులే అని ఆయనా ఒప్పుకున్నాడు."

కెహిందే తన పళ్ళెంలోని చేపముక్క తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"బయటికి రావడానికి భయమేసిందే. కడుపులో ఉన్నప్పుడూ ఇంతే అయ్యుంటుంది, అందుకే నిన్ను ముందు పంపాను."