జానెడు వదులు

"మళ్ల తెగిందా?" అడిగాడు శ్రావణ్‌కుమార్.

మార్కు తెగిన తీగను బల్ల మీద పెట్టాడు. ఇది మూడోసారి.

శంషాబాద్ బజారులో శ్రావణ్‌కుమార్ నడిపే ఫోన్లు బాగుచేసే దుకాణం అది. మార్కు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. స్టీరింగ్ తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగడు. అలాంటివాడు వారం రోజులుగా డ్యూటీ దిగగానే ఇక్కడికొచ్చి, వేళ్లు కాల్చుకుంటూ టంకం పెట్టి తీగలు అతకడం నేర్చుకుంటున్నాడు.

భార్య షెకీనాకు వినబడదు. రెండు నెలల పాప. మొన్న ఆమె వంటింట్లో ఉండగా పాప గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది.

ఆ సంగతి మార్కు తల్లికి తెలిసింది.

"ఆదివారం వచ్చి పిల్లను షాద్‌నగర్ తీస్కపోత. జర పెద్దగైనంక తోలిస్త," అని తేల్చేసింది.

అత్త పెదవుల్లో ఆ మాట చదివినప్పటి నుంచి షెకీనా పాపను ఒడిలోంచి దించడం లేదు.

పసిపిల్లల ఏడుపు పక్కగదిలోకి వినిపించే యంత్రం ఒకటి పాతది దొరికింది. ఊయల దగ్గరొక పెట్టె, తల్లి దగ్గరొక పెట్టె. తల్లి పెట్టెలో స్పీకరు తీసేసి, ఫోన్లో వణికే మోటారు కలపాలి. పెట్టె షెకీనా నడుముకు, మోటారు చేతి పట్టీకి. పాప ఏడిస్తే పట్టీ వణకాలి. వణుకుతోంది కూడా. చెయ్యి చాపితే మాత్రం మధ్యలో తీగ పుటుక్కున తెగుతోంది.

"గంత బిగుతుగ కట్టినవ్. తెగదా మరి?"

మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దామె. రోజూ ఉంటుంది. రోజూ ఏదో ఒక వంక పెడుతుంది, అదీ బజారంతా వినేలా.

"నీకు టంకం వచ్చా పెద్దమ్మా?" తల ఎత్తకుండానే అన్నాడు మార్కు.

జవాబు లేదు. ఆమె ఎప్పుడూ అంతే. అడిగింది చెప్పదు, అడగనిది చెబుతుంది.

శ్రావణ్‌కుమార్ కూడా ఆమెను నోరారా పిలవడు. టీ వస్తే ఆమె కూర్చున్న స్టూలు మీద వేళ్లతో కొడతాడంతే. పెద్దమనిషిని పిలిచే తీరు ఇదా అనుకునేవాడు మార్కు. ఆమె ఎవరని అడగాలని మాత్రం తోచలేదు.

ఆమె లేచొచ్చి పట్టీ లాక్కుంది. తన మణికట్టుకు చుట్టుకుని, తీగను జానతో కొలిచింది.

"ఒక జానెడు వదులు ఇడువు. నీ పెండ్లాం చేతులు ముడుసుకొని కూసుంటదా? నీళ్లు తోడుతది, పిండి పిసుకుతది. తీగను దారంతోని మోచేతి మీద, రెక్కకు కట్టు. గుంజుడంత దారం మీద పడాలె, అతుకు మీద కాదు."

విసుక్కుంటూనే అలాగే చేశాడు మార్కు.

శ్రావణ్‌కుమార్ తన ఫోన్లో పసిపిల్ల ఏడుపు పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. పట్టీ వణికింది.

"ఆ, లేసింది బిడ్డ!" అంది. ముఖమంతా నవ్వు.

ఆదివారం మార్కు తల్లి రానే వచ్చింది. షెకీనా వెనక బట్టలు ఆరేస్తోంది. లోపల పాప క్యారుమంది. అత్త ఊయల దాకా చేరేలోపే కోడలు పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకుంది.

"ఇగ నేనొక్కదాన్నే పోత తియ్," అంది అత్త, సంచీ సర్దుకుంటూ.

సంతోషంతో మార్కుకు ఏడుపొకటే తక్కువ. మర్నాడే భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని, మిఠాయి డబ్బాతో దుకాణానికి వెళ్లాడు. షట్టరు వేసి ఉంది.

రెండు వారాలకు గానీ అది తెరుచుకోలేదు. ముగ్గురూ మళ్లీ మిఠాయి డబ్బాతో వచ్చారు. శ్రావణ్‌కుమార్ గుండుతో ఉన్నాడు. మూల స్టూలు ఖాళీ.

"ఎవరు పోయిండ్రు అన్నా?" అడిగాడు మార్కు.

"అమ్మ. నిద్రలనే పోయింది. గా స్టూలు మీద కూసునేది సూడు..."

మార్కు చేతిలో డబ్బా బరువెక్కింది.

"ఆమెకు దండం పెట్టుకుందామనే వచ్చినం అన్నా. మా పిల్ల మా ఇంట్ల ఉన్నదంటే ఆమె పుణ్యమే. నేను మంచిగ ఒక్క మాట మాట్లాడకపోతి."

"మాట్లాడినా ఆమెకు ఇనబడకపోతుండె తమ్మీ," అన్నాడు శ్రావణ్‌కుమార్, షెకీనా చేతి పట్టీనే చూస్తూ. "చిన్నప్పుడే జరమొచ్చి అమ్మకు చెవులు పోయినయ్. నా ఊయలకు, తన చేతికి నడుమ జానెడు వదులిడిసి దారం కట్టుకొని పెంచింది నన్ను."