ఘాట్ ఎక్కాల్సిన బస్సు

షెడ్డు గుమ్మంలో ఎవరో నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు.

బస్సు కిందినుంచి మాల్యాద్రి తల బయటికి పెట్టాడు.

“ఎవరు కావాలన్నా?”

“ఎవరూ వద్దు తమ్ముడూ. బండి చూసిపోదామని వచ్చినా.”

మనిషికి యాభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచి, కాళ్ళనిండా దుమ్ము. గిద్దలూరు మనిషి కాదు.

గిద్దలూరు నుంచి నంద్యాలకు ఉన్న ఒకే ఒక్క బస్సు మాల్యాద్రిది. తోలేదీ, బాగుచేసేదీ అతనే. పోయిన వారం నల్లమల ఘాట్‌లో ఇంజను అరుస్తూనే ఉంది, బస్సు మాత్రం వెనక్కి జారింది. జనం కేకలు పెడుతూ దూకేశారు.

రేపు మోటారు ఇన్‌స్పెక్టరు బస్సెక్కి ఘాట్‌లో పరీక్ష చేస్తాడు. బండి ఎత్తు ఎక్కకపోతే పర్మిటు పోతుంది.

పాత క్లచ్ ప్లేటు అరిగిందని, రెండో ప్రపంచయుద్ధంతో సామాన్లు దొరకని ఆ రోజుల్లో ఎలాగో మద్రాసు నుంచి కొత్తది తెప్పించాడు. ఇక బిగించడమే.

“ప్లేటు సరే. అది కరుచుకునే ఫ్లైవీలు చక్రం ముఖం చూసినావా?” అన్నాడు వచ్చినాయన.

“దానికేమైంది? గట్టి ఇనుము.”

“చెయ్యి పెట్టి చూడు.”

మాల్యాద్రి తడిమాడు. వేళ్ళకు గాట్లు తగిలాయి. అక్కడక్కడా కాలి నీలంగా మచ్చలు.

“దీనిమీద వేస్తే కొత్త ప్లేటూ అరిగిపోతాది. అదురుతాది, మళ్ళా జారతాది. ముఖం సాపు చేయాల.”

“సాపు చేసే లేతు మిషనుకు మద్రాసు పోవాలన్నా. రేపే పరీక్ష!”

ఆయన సంచి పక్కన పెట్టి చొక్కా విప్పాడు.

ఇద్దరూ కలిసి ఫ్లైవీలు ఊడదీశారు. గోడకు ఆనించి ఉన్న చదునైన మార్కాపురం పలకరాయికి లాంతరు మసి, నూనె కలిపి పూసి, దాన్ని ఫ్లైవీలు మీద అద్దాడాయన.

“మసి అంటినచోట ఎత్తు. అక్కడే రుద్దు.”

సానరాయితో వంతులేసుకుని రుద్దారు. మళ్ళీ మసి, మళ్ళీ రుద్దుడు. మాల్యాద్రి భార్య రంగనాయకమ్మ సంగటి తెచ్చి పెట్టింది.

“ఈ పనంతా యాడ నేర్చినావన్నా?” అడిగాడు మాల్యాద్రి.

“బండ్లతో బతికేవాణ్ణే.”

“మాకోసం ఇంత కష్టమెందుకు?”

“ఆ ఎత్తులో జారితే కొంప మునిగేది నీ ఒక్కడిదేనా? లోపల బిడ్డతల్లులు కూచోని ఉంటారు.”

పొద్దు వాలేసరికి మసి ముఖమంతా సమంగా అంటింది. పెట్రోలుతో కడిగి, ప్లేటు బిగించారు.

“అన్నా, నా దగ్గరే మేస్త్రీగా ఉండిపో. ఉండేదానికి ఇల్లు చూపిస్తా.”

ఆయన నవ్వాడు. “ముందు ఘాట్ ఎక్కించు తమ్ముడూ.”

సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదేమని రంగనాయకమ్మ మొగుణ్ణి కసిరింది.

తెల్లారి జనానికి బదులు రాళ్ళ బస్తాలు ఎక్కించారు. సగం ఎత్తులో ఆపి, మళ్ళీ కదిలించమన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాల్యాద్రి గేరు వేశాడు. క్లచ్ మీంచి కాలు మెల్లగా తీశాడు.

ఒక్క అదురు లేదు. బస్సు ముందుకే పోయింది.

గిద్దలూరు తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు బస చేసిన బంగళా ముందు తళతళలాడే బస్సొకటి ఆగి ఉంది. దాని పక్కనే నిన్నటాయన.

‘అయ్యో, అప్పుడే ఎవరి దగ్గరో కుదిరినాడే!’ అనుకుంటూ మాల్యాద్రి పరుగెత్తాడు.

“అన్నా! ఎక్కింది! బస్సు ఎక్కింది!”

ఆయన ముఖం విప్పారింది.

వెనకే దిగిన ఇన్‌స్పెక్టరు ఆయనకు నమస్కారం పెట్టి అన్నాడు.

“వెంకటసుబ్బయ్యగారూ, ఈయన బస్సు ఎక్కకపోయుంటే ఈ దారి పర్మిటు మీకే ఇచ్చేవాళ్ళం... ఇంక మీ కొత్త బస్సు మీ ఊరు కంభానికి తోలుకుపోండి.”