తోడికోడలి బ్యాకప్

ఆసుపత్రి కంప్యూటర్లలో రికార్డులు పోతే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చే పని పదేళ్ళుగా పెద్దకోడలిదే. అదే ఆఫీసులో చేరిన ఆర్నెల్లకే చిన్నకోడలు ఆ పనికి ఓ కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. పాతది పదిసార్లలో మూడుసార్లు మొరాయించేది. కొత్తది ఒక్కసారీ తప్పలేదు. మేనేజరు, అత్తగారు, చివరికి కట్టుకున్నవాడు కూడా చిన్నదాన్నే మెచ్చుకుంటుంటే పెద్దకోడలు లోలోపల ఉడికిపోయింది.

ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా వచ్చి సర్వర్ గదిలో ఒంటరిగా కూర్చుంది. ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని, పదింటికి తీసిన బ్యాకప్‌ను ఖాళీ మెషీన్‌లోకి రీస్టోర్ చేసింది. అంతా పొల్లుపోకుండా వచ్చింది. తలుపు దగ్గర కార్డు గీసి లోపలికి వచ్చినవాళ్ళ పట్టికలో మాత్రం చివర రెండు వరుసలు ఎక్కువున్నాయి. పదకొండూ నలభైకి తను వచ్చినట్టు. పన్నెండూ ఐదుకి చిన్నకోడలు వచ్చినట్టు.

పదింటి బ్యాకప్‌లోకి ఇవెలా వచ్చాయి? గడియారం చూసింది. పన్నెండూ నాలుగు.

తప్పు దొరికిందన్న సంబరంలో చిన్నకోడలికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"ఇంట్లోనే అక్కా. అత్తయ్య పక్కన పడుకున్నాను."

వెనక అత్తగారి దగ్గు కూడా వినిపించింది. అంతలో, మెషీన్ల హోరు మధ్య, తలుపు దగ్గర ఎవరో కార్డు గీసిన చప్పుడైంది.

"రీస్టోర్ సరిగ్గానే వచ్చిందా అక్కా?" అని చిన్నకోడలు మెల్లగా అడిగింది.

ఆ మాట ఫోన్లోంచి వచ్చింది. తలుపు అవతలి నుంచీ వచ్చింది.