శబ్దం లేని సన్మానం

తెర మీద డైరెక్టరు గారి నోరు కదులుతోంది. మాట మాత్రం రావడం లేదు.

“మూడోసారి!” రామచంద్రరావు బల్ల గుద్దాడు. “మూడుసార్లు కంప్యూటర్లోకి ఎక్కించావు. మూడుసార్లూ మూగబొమ్మే! టైమెంతయిందో చూశావా? నాలుగున్నర. ఆరింటికి ఇది కేబుల్లో రావాలి.”

“జర ఆగుండ్రి సార్. వైరు మార్చి చూస్త” అన్నాడు వీడియో షాపు తౌఫీఖ్.

చాంద్రాయణగుట్ట బస్సుల హారన్లు గదిలోకి దూసుకొస్తున్నాయి. అవి తప్ప ఇంకే చప్పుడూ లేదు. మెడలో పూలదండతో రామచంద్రరావు తెర మీద డైరెక్టరు గారి పక్కనే కూర్చుని ఉన్నాడు. మొన్న రిటైర్మెంటు సభలో డైరెక్టరు గారు పది నిమిషాల పాటు తన క్రమశిక్షణని ఆకాశానికెత్తారు. ఆ పది నిమిషాలు ఇవాళ సాయంత్రం ఉప్పుగూడలో ఇంటింటా వినబడితే, రేపు కాలనీ సంఘం ఎన్నికలో అధ్యక్ష పదవి తనదే. ఎదుట నిలబడ్డ కైలాసానికి డిపాజిట్టు కూడా దక్కదు.

“క్యాసెట్టు కెమెరాలో పెట్టి చూడు. అందులో మాట ఉందో లేదో తేలిపోతుంది.”

“కెమెరా లాడ్ బజార్ల షాదీకి పోయింది సార్. రేపొస్తది.”

“అద్భుతం! కెమెరా ఒకచోట, క్యాసెట్టు ఒకచోట, నీ బుర్ర ఇంకోచోట.”

తౌఫీఖ్ మౌస్ కదిపాడు. “ఒక పని జేస్త సార్. మంచి పాటేస్త. పెళ్లి క్యాసెట్లన్నిటికి గట్లనే ఏస్తం. లోపలి మాటలు ఎవ్వరినరు.”

“పాటా?” రామచంద్రరావు నవ్వు చీదినట్టుంది. “గెజిటెడ్ ఆఫీసరు నన్ను మెచ్చుకుంటుంటే వెనక డ్యూయెట్టా? ఏం చదువుకున్నావయ్యా నువ్వు? మా ఆఫీసులో అటెండరు నయం.”

తౌఫీఖ్ దవడ బిగుసుకుంది. 

రామచంద్రరావు కళ్లు చురుకైనవి. ముప్పై మూడేళ్లు ఫైళ్లలో తప్పులు పట్టిన కళ్లు. తెర మూలన ఇంకో పెళ్లి తాలూకు వీడియో కనిపించింది. “అది నొక్కు” అన్నాడు. తౌఫీఖ్ నసుగుతూ నొక్కాడు. బ్యాండు మేళం గది దద్దరిల్లేలా మోగింది.

“ఓహో! ఊరందరి పెళ్లిళ్లకీ శబ్దం వస్తుంది. నా సన్మానానికే రాదు. ఎంత ముట్టింది? కైలాసం వచ్చాడా, మనిషిని పంపాడా?”

“అల్లా కసం సార్, ఎవ్వలు రాలే.”

“రేపు అధ్యక్షుణ్ణయ్యాక మొదటి సంతకం దేనికో తెలుసా? మా కాలనీలో ఏ ఫంక్షనుకీ నిన్ను గడప తొక్కనివ్వకుండా. దొంగ వెధవా!”

దొంగ అన్న మాటకి తౌఫీఖ్ కుర్చీ తిప్పాడు.

“వినుండ్రి సార్ అయితే. శబ్దం ఉన్నది. నేనే బంద్ జేసిన.”

“ఏమిటీ?”

“స్టేజి మైకుకెల్లి వైరు లాగుతా అంటె, తివాచి మీద ఖరాబు కనబడతది అని మీరే వద్దన్నరు. కెమెరాను వెనక, ఆడోళ్ల కుర్చీల కాడ పెట్టుమన్నరు. కెమెరా మైకుకు పక్కనున్నోళ్ల మాటనే ముందు. మీ డైరెక్టరు సాబు మాట గుసగుసనే. ఆడోళ్ల గుసగుస మస్తు సాఫ్. అది విని మీ మనసు ఖరాబైతదని పాటేస్తా అన్న. గంతే.”

“ముందు వినిపించు!”

తౌఫీఖ్ ఒక బటన్ నొక్కాడు. డైరెక్టరు గారి పెదవులు కదులుతుండగా, కెమెరా పక్కనుంచి ఓ ఆడగొంతు సన్నగా బుసకొట్టింది.

“క్రమశిక్షణట! ఆఫీసుకి ఇవాళ్టితో పీడ వదిలింది. ఇక మన కాలనీ వంతు. కొళాయి దగ్గర కూడా హాజరుపట్టీ పెడతాడు. నేనైతే కైలాసం గారికే వేస్తాను. మీరూ వేయండి, మీ వీధివాళ్లతో వేయించండి. ఇప్పటికి అరవై ఇళ్లు తిరిగాను.”

“చూశావా!” రామచంద్రరావు లేచి నిలబడ్డాడు. “గూఢచారిణి! నా సభలో, నా ఖర్చుతో టిఫిను తిని, నా ఓట్లకే గండి! పెంచు, సౌండు పెంచు! ఎవరో తేలాలి. ఇది కేబుల్లోనే వేయించి దాని పరువు బజారుకీడుస్తాను.”

తౌఫీఖ్ సౌండు పెంచాడు. ఈసారి ఆ గొంతు గుసగుస మానేసి కిలకిలా నవ్వింది.

రామచంద్రరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“గుర్తువట్టిన్రా సార్? ఎవరామె?”

తెర మీద డైరెక్టరు గారిలాగే రామచంద్రరావు నోరూ కాసేపు శబ్దం లేకుండా కదిలింది. చివరికి మాట పెగిలింది.

“కమలకుమారి... మా ఆవిడ.”